బుల్లి నిద్రపోయిన ఊరు

బస్సు ఇంకా బయలుదేరనేలేదు, బుల్లికి కళ్లు మూతలు పడిపోతున్నాయి. పక్క సీట్లో ఉన్న వదిన మోచేత్తో ఒక్క పోటు పొడిచి, "ఇదిగో, కిటికీలోంచి చూడు. నిద్రపోవడానికా ఇంత దూరం వెళ్తున్నది?" అంది.

వదిన అంటే బుల్లి భర్తకు అక్క. బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఈల మెడలోంచి తీసేసింది గానీ, మాట మాత్రం ఇప్పటికీ ఈల వేసినట్టే ఉంటుంది. బుల్లిది ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. పొద్దస్తమానం ఆవిరిలో నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసి మడతలు పెడుతుంది. పెళ్లయిన కొత్తలో మనిషి పొట్టిగా ఉందని అత్తింటివాళ్లు ముద్దుగా పెట్టిన పేరు, జుట్టు నెరిసినా ఆమెను వదల్లేదు.

భర్త నాలుగేళ్లు మంచం పట్టి, ఎండాకాలం చివర్లో పోయాడు. అన్నాళ్లూ ఆమె నిద్ర ముక్కలు ముక్కలుగానే సాగింది. దాహమంటాడు, లేవాలి. ఒత్తిగిలించమంటాడు, లేవాలి. ఆయన పోయాక చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ "ఇకనైనా కాస్త నడుం వాల్చమ్మా" అన్నారు. నడుం వాల్చడం వరకూ బాగానే ఉంది, నిద్రే రాలేదు. ఈ ప్రయాణం వదిన ఆలోచన. నది ఒడ్డున పాత ఊరు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు, మనసు మళ్లుతుంది అని అడక్కుండానే ఇద్దరికీ టిక్కెట్లు కొనేసింది.

ఊరు నిజంగానే బావుంది. ఆకులు రాలే కాలం కదా, రాళ్లు పరిచిన వీధుల నిండా పసుపు పచ్చని ఆకులు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. గైడు గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఏ గోడ ఎవరు కట్టారో, ఏ వంతెన ఎన్నిసార్లు వరదకు కొట్టుకుపోయిందో చెబుతున్నాడు. బుల్లి చెవిలో ఆ మాటలు పడుతున్నాయి, లోపలికి పోవడం లేదు. పాత వర్తకుడి ఇంట్లో చెక్కడపు పని చేసిన పెద్ద మంచం ఒకటి చూపించారు. దాని చుట్టూ తాడు కట్టి ఉంది. మోకాలెత్తు తాడు. అందరూ పక్క గదిలోకి వెళ్లిపోయినా బుల్లి అక్కడే నిలబడి, ఈ తాడు దాటడం ఎంతసేపు అనుకుంది.

"ఏం చూస్తున్నావు అంతలా?" అంది వదిన వెనక్కొచ్చి.

"పరుపు" అంది బుల్లి.

మధ్యాహ్నం బురుజు దగ్గరికి తీసుకెళ్లారు. లోపల ఇరుకు మెట్లు, చీకటి, చెమ్మ వాసన. సగం ఎక్కేసరికి బుల్లి ఒక మెట్టు మీద చతికిలబడిపోయింది.

"నేను రాను వదినా."

"ఇంకెంత, కాస్తే. పైనుంచి నది మలుపు మొత్తం కనిపిస్తుందట."

"మీరు చూసి రండి. ఎలా ఉందో చెబుదురుగాని."

"నా కోసమా ఇంత దూరం వచ్చింది? నీ కోసం కాదూ!"

"నా కోసమే అయితే నన్ను ఒదిలెయ్యండి!"

ఆ గొంతు బురుజులో ఖంగుమంది. పైకి వెళ్తున్న వాళ్లు ఆగి వెనక్కి చూశారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి బుల్లి ఆడపడుచు మాటకు ఎదురు చెప్పింది లేదు. చెప్పాక ఆమెకే భయం వేసింది. వదిన ముఖం చిన్నబోయింది. పైకీ వెళ్లలేదు, కిందికీ దిగలేదు. నెమ్మదిగా అదే మెట్టు మీద పక్కన ఇరుక్కుని కూర్చుంది.

కాసేపటికి ఆవిడే అంది. "వాడు పోయాక నువ్వు నాకు ఫోన్ చెయ్యడం మానేశావు. నేను చేస్తే పనిలో ఉన్నానంటావు. వాడితోపాటు నువ్వూ తెగిపోతావేమోనని నా భయం. నాకు మాత్రం ఇంకెవరున్నారే?"

ఈలలాంటి గొంతు అంత మెత్తగా ఉంటుందని బుల్లికి తెలియదు.

"మీ మీద కోపం కాదు వదినా. ఇంట్లో పడుకుంటే ఆయన పిలిచినట్టే ఉంటుంది. లేచి మంచం దగ్గరికి వెళ్తాను. ఎవరూ ఉండరు. ఇక తెల్లారేదాకా అలా కూర్చోవడమే. ఫోన్ ఎత్తి మాట్లాడే ఓపిక కూడా ఉండటం లేదు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు నాచేత కసరత్తు చేయిస్తారు."

వదినకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "చేయించేదాన్నేలే" అంది ముక్కు తుడుచుకుంటూ.

ఒకరినొకరు పట్టుకుని కిందికి దిగారు. నది ఒడ్డున చెట్ల కింద ఒక బల్ల ఖాళీగా కనిపించింది. బుల్లి కూర్చుంది, వదిన భుజం మీద తల ఆనించింది. అంతవరకే ఆమెకు గుర్తు.

మెలకువ వచ్చేసరికి తల వదిన ఒళ్లో ఉంది, ఒంటి మీద వదిన శాలువా ఉంది. అవతలి ఒడ్డున దీపాలు వెలుగుతున్నాయి. బుల్లి గభాలున లేచి కూర్చుంది.

"వదినా, బస్సు?"

"వెళ్లిపోయింది."

"అయ్యో! నన్ను లేపలేదేం?"

"గొడుగాయన వచ్చి లేపమన్నాడు. లేపనన్నాను. మీ ఇద్దరి కోసం బస్సంతా ఆగుతుందా అన్నాడు. ఆగమని ఎవరన్నారు, వెళ్లండి అన్నాను."

"మరి మనమెలా?"

"ఎలాగో ఒకలా వెళ్తాం. ముందు నన్ను లేవదియ్యి. కాలు మొద్దుబారి చచ్చింది."

వీధి చివర ఒక చిన్న లాడ్జిలో గది దొరికింది. గదిలోకి వెళ్లగానే బుల్లి లాండ్రీ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి రేపు రానని చెప్పింది. ఎవరికి బాగోలేదు అని అడిగాడాయన.

"అందరూ బాగానే ఉన్నారండి. నాకు నిద్రొస్తోంది, అంతే."

అవతల ఆయన ఏదో గొణిగాడు. బుల్లి అప్పటికే ఫోన్ పక్కన పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం రైల్లో ఇల్లు చేరారు. అలసట అంతా తీరిపోయిందని కాదు. నాలుగేళ్లది ఒక్క రోజులో ఎలా తీరుతుంది? కానీ అప్పటి నుంచి సెలవు రోజున బుల్లి వదినింటికి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టింది. అక్కడ ఎవరూ పిలిచినట్టు ఉండదు. వదిన వాకిట్లో నిలబడి, "మా మరదలు నిద్రపోతోంది, గట్టిగా మాట్లాడకండి!" అని వీధి వీధంతా వినబడేలా కేకేస్తుంది. ఆ కేకకు మాత్రం బుల్లి లేవదు.