గురువుగారికి ఎంతమంది పిల్లలు

ఆ పత్రికాఫీసులో ఆయన్ని అందరూ చిత్రగుప్తుడనే పిలిచేవాళ్ళు. పేరున్నవాళ్ళ చావువార్తలు వాళ్ళు బతికుండగానే రాసి పెట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఏ మంత్రికైనా దగ్గు పట్టుకుందని తెలిస్తే చాలు, ఈయన వెళ్ళి ఆ ఫైలు దుమ్ము దులిపేవాడు. అందుకే ఆఫీసులో ఒంట్లో బాగాలేనివాళ్ళెవరూ ఆయన కంట పడేవాళ్ళు కాదు.

ఆ పొద్దున మతగురువు ఒకాయన పోయాడు. సామాన్యుడు కాదు. నలభై ఏళ్ళపాటు వేదికలెక్కి, ఆడవాళ్ళు గడప దాటకూడదని, పరాయి మతం వాళ్ళ నీడ కూడా పడనివ్వకూడదని ఊదరగొట్టాడు. అదే మనిషి వేలమంది పేదవాళ్ళకు దగ్గరుండి కంటి ఆపరేషన్లు చేయించాడు. ఇంకేముంది, ఆఫీసు రెండుగా చీలిపోయింది. విషం చిమ్మినవాడికి పూలదండలేమిటని రిపోర్టరమ్మ ఒంటికాలి మీద లేచింది. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలే రాయాలని ఎడిటర్ పట్టుబట్టాడు. భక్తులు కూడా పత్రిక కొంటారు మరి.

తమాషా ఏమిటంటే ఇద్దరూ పట్టుకు వేలాడింది ఒకే ప్రసంగాన్ని. ఇరవై రెండేళ్ళ కిందట కూతురు వేరే మతం అబ్బాయిని పెళ్ళి చేసుకుంటే, ఆయన వేలమంది ముందు మైకు పట్టుకుని "అది చచ్చిపోయింది, నాకు ఇద్దరే పిల్లలు" అన్నాడు. అది రాతిగుండె అని రిపోర్టరమ్మ, మాట మీద నిలబడటమని ఎడిటర్. ఆ పిల్ల ఏమైందో ఇద్దరికీ పట్టలేదు.

పదకొండింటికి ఆ పిల్లే ఫోన్ చేసింది. ఇప్పుడు పిల్లేమిటి, నలభై దాటి ఉంటాయి. చావువార్త రాసే రోజున వచ్చే ఫోన్లన్నీ తిట్లకే కాబట్టి చిత్రగుప్తుడు రిసీవరు చెవికి కాస్త దూరంగానే పట్టుకున్నాడు.

"నాన్న గురించి మంచి రాస్తారో చెడు రాస్తారో మీ ఇష్టమండీ," అందామె. "చివర్లో పిల్లలు ఎంతమందో వేస్తారు కదా, అక్కడ నన్ను కూడా వెయ్యండి. పేరొద్దు. ఒక కూతురు అంటే చాలు. పొద్దున చూద్దామని వెళితే తమ్ముళ్ళు గేటు దగ్గరే ఆపేశారు."

నంబరిచ్చి, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వొద్దని కోరింది. ముప్ఫై ఏళ్ళుగా చావులు రాస్తున్న మనిషి రిసీవరు చెవికి ఆనించుకుని ఒక్కో అంకె రాసుకున్నాడు. సరేనమ్మా అన్నాడు.

ఎడిటర్ ససేమిరా అన్నాడు. కొడుకులు సంతకం పెట్టి పంపిన కాగితంలో ఇద్దరు కుమారులనే ఉంది. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఒక్కరైనా ఒప్పుకోకుండా బంధుత్వాలు అచ్చువేయకూడదన్నది పత్రిక నియమం. అంతలోనే ఆయన కళ్ళు మెరిశాయి. ఆవిడ నోరు విప్పితే మొదటి పేజీ ఇస్తానన్నాడు. రిపోర్టరమ్మ అప్పటికే పెన్ను తీసి నంబరు అడుగుతోంది. పొద్దుటి నుంచి ఉప్పూనిప్పుగా ఉన్న ఇద్దరూ ఒక్కటైపోయారు. ఆమె అడిగింది ఒక్క మాట, మీరిచ్చేది పేజీ అని చిత్రగుప్తుడు విసుక్కుని తన గదికి వెళ్ళిపోయాడు.

గురువుగారి ఇంటికి ఫోన్ చేస్తే పెద్దకొడుకు ఎత్తాడు. ఇద్దరమే అని పెట్టేశాడు. రెండోసారి చేసి, గురువుగారి పుట్టినతేదీ సరిచూసుకోవాలి, అమ్మగారికైతేనే తెలుస్తుంది అన్నాడు చిత్రగుప్తుడు. పచ్చి అబద్ధం. ఆ తేదీ పదేళ్ళుగా ఆయన ఫైల్లోనే ఉంది.

ముసలావిడ లైన్లోకి వచ్చింది. వెనక కుర్చీలు జరుపుతున్న చప్పుడు, కొడుకుల మాటలు వినిపిస్తున్నాయి.

"అమ్మా, మీకు ఎంతమంది పిల్లలు?"

 

"ముగ్గురు బాబూ," అంది గట్టిగా. "కన్నదాన్ని నేను. నాకు తెలియదూ?"

వెనక మాటలు ఆగిపోయాయి. పెద్దకొడుకు ఏదో అనబోతే, ఉండరా, మాట్లాడుతున్నాను కదా అని కసిరింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"అది నీకు ఫోన్ చేసిందా? గొంతు ఎలా ఉంది?"

"అచ్చం మీ గొంతేనమ్మా."

ఆవిడ ఏడ్చింది. ఆయనకూ కళ్ళు నిండాయి. కాసేపటికి తేరుకుని నంబరు అడిగింది. ఎవరికీ ఇవ్వొద్దన్న మాట ఆయనకు గుర్తొచ్చింది, కానీ ఈవిడ ఆ ఎవరిలోకీ రాదనుకున్నాడు. ఆవిడకు చూపు ఆనదు, రాసుకోలేదు. ఒక్కో అంకె చెబుతుంటే బడిపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు తిరిగి పలికింది. మూడోసారికి తప్పు లేకుండా మొత్తం చెప్పింది.

కన్నతల్లే ముగ్గురని చెప్పాక ఎడిటర్ ఇక కాదనలేకపోయాడు. గురువుగారికి భార్య, ఒక కుమార్తె, ఇద్దరు కుమారులు ఉన్నారు అని చిత్రగుప్తుడు తన చేత్తోనే టైపు కొట్టాడు. పై వాక్యాల కోసం ఆ ఇద్దరూ సాయంత్రం దాకా కొట్టుకున్నారు. ఆయన ఆ జోలికే పోలేదు.

మీ మాట వేస్తున్నామమ్మా అని చెబుదామని ఆమెకు ఫోన్ చేశాడు. లైను బిజీ. పావుగంట ఆగి చేశాడు, బిజీ. పేజీ ప్రెస్సుకు వెళ్ళాక చేశాడు. అప్పటికీ బిజీగానే ఉంది.