అక్క పెరటి కింది రాయి

బ్యాటరీలకు కావలసిన లిథియం మన నేలలోనే ఎక్కడైనా ఉందేమో చూడమని పైనుంచి మాట రావడంతో, సర్వే శాఖా విశ్వవిద్యాలయమూ కలిసి ఆ కొండల వరుసలో ఎక్కడ ఏ రాయి ఉందో చూపే కొత్త రాతిపటం గీయడం మొదలుపెట్టాయి. శాఖ తరఫున వెళ్లిన జియాలజిస్టు ఆవిడకు నలభై దాటాయి. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రొఫెసరు రేపోమాపో రిటైరయ్యే మనిషి. మోకాళ్లు మొరాయిస్తున్నా నోరు మాత్రం అలిసేది కాదు. ఆయన ప్రతి రాయి దగ్గరా ఆగి పాఠం చెబుతుంటే, ఆవిడ విననట్టే గబగబా ముందుకు నడిచేది. మొదట్లో ఇద్దరికీ పొసగలేదు. ఎండలు తగ్గేసరికి ఒకరి నడక ఒకరికి అలవాటైంది.

లిథియం ఉండే రాయి అక్కడ తెల్లటి పట్టీలా, మధ్యమధ్య లేత ఊదారంగు అభ్రకం రేకులతో కనిపించింది. అది దొరికిన చోటల్లా పటంమీద చుక్క పెట్టి, చుక్కలను కలుపుకుంటూ పోయారు. గుట్ట దిగాక ఆవిడ పటం మరోసారి చూసుకుంది. గీత తిన్నగా తన అక్క ఇంటివైపు పోతోంది. అక్కా బావా ఆ వాలులో ఇల్లు కట్టుకుని, మొక్కల నర్సరీ పెట్టుకుని బతుకుతున్నారు.

ఆ సాయంత్రం గెస్టుహౌసు వరండాలో రాళ్ల సంచులకు చీటీలు కడుతూ ప్రొఫెసరుకు విషయం చెప్పింది.

"అటువైపు మీరొక్కరే వెళ్లండి సార్. నేనొస్తే నా చెయ్యి గీతను పక్కకు లాగుతుంది."

ఆ ఒక్కసారి మాత్రం ఆయన పాఠమేమీ చెప్పలేదు. సరేనని తలూపాడు.

మర్నాడు తిరిగొచ్చి, పట్టీ పెరట్లో బట్టలుతికే బండ పక్కనుంచే పోతోందన్నాడు. అక్కగారు కుర్చీ వేసి మరీ ఆరా తీశారనీ, జతగా ఎవరు పనిచేస్తున్నారో దాచలేకపోయాననీ నసిగాడు.

ఆవిడ వెళ్లేసరికి అక్క మొక్కల సంచుల్లో మట్టి నింపుతోంది. తలెత్తలేదు. ఆవిడా పక్కన చతికిలబడి మట్టి నింపుతూ, గీత పడినంత మాత్రాన తవ్వేయరనీ, అసలు ఎప్పటికీ తవ్వకపోవచ్చనీ చెప్పుకొచ్చింది.

"రాయి నువ్వు పెట్టింది కాదుగా, నిన్నేమంటాను?" అంది అక్క. "కానీ సుత్తి పట్టుకుని ఎవరో పెద్దాయన వచ్చి చెబితే నాకు తెలియాలా?"

"నేనొస్తే సరిగ్గా గీయలేనేమోనని భయమేసిందక్కా."

"గీత ఆయన్నే గీయనివ్వు. నాకు చెప్పడానికైనా నువ్వు రావద్దూ?"

ఆవిడ మరో సంచి అందుకుని మట్టి నింపింది. అక్క చేతులు కడుక్కుంటూ, "ఎలాగూ మీటింగు పెడతారుగా. ఆ రోజు బల్లకి అవతల కూర్చుంటావా, నా పక్కన కూర్చుంటావా?" అని అడిగింది.

పటం అచ్చయ్యాక నిజంగానే చుట్టుపక్కల వాళ్లందరినీ మండల ఆఫీసులో సమావేశానికి పిలిచారు. పై అధికారి ముఖం చిట్లించినా, ఆవిడ ఆ రోజుకు సెలవు పెట్టి అక్క పక్కన కూర్చుంది. పటం గురించి ప్రొఫెసరే వివరించాడు. అక్క లేచి, తవ్వితే బావుల్లో నీళ్లు ఏమవుతాయని అడిగింది. ఆయన ఎప్పటిలా పాఠం మొదలుపెట్టబోయి ఆగిపోయాడు.

"తెలీదమ్మా. పరీక్ష చెయ్యకుండా చెప్పలేను."

చివరికి లోపలి రాయిని పరీక్షించే బోర్లు ముందు మనుషులుండని ఎగువ గుట్టమీద వేయాలనీ, నీళ్ల సంగతి తేలాకే ఇళ్లవైపు రావాలనీ తీర్మానమైంది. పెరటి సంగతి మాత్రం ఎటూ తేలలేదు. అక్క పటం కాపీ ఒకటి అడిగి తీసుకుంది. తిరుగు బస్సులో దాన్ని ఇద్దరి ఒళ్లలోకీ వచ్చేలా పరిచి, ఈ ఆకుపచ్చ ఏ రాయి, ఈ గులాబి ఏ రాయి అని దారిపొడుగునా చెల్లెల్ని అడుగుతూనే ఉంది.