లైను తెగినప్పుడు

ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుంటే వెంకట్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "వాసంతీ, సాయంత్రం ఆఫీసులో నా స్పీచ్‌కి ఒక పేజీ రాసిపెట్టు. మన ఈమెయిల్ పెట్టె గురించి. నీకైతే అన్నీ గుర్తుంటాయిగా," అన్నాడు. చొక్కా ఇస్త్రీ చేయమన్న గొంతుతోనే అన్నాడు. చొక్కా అప్పటికే చేసిపెట్టాను.

ఇరవై అయిదేళ్ళ కిందట మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఇద్దరం పనిచేసేవాళ్ళం. కంప్యూటర్ కొనలేని ఇళ్ళ కోసం అక్కడ ఒక పెట్టె తయారుచేశాం. చిన్న తెర, కీబోర్డు. ఫోన్ తీగకు తగిలిస్తే ఈమెయిల్ పంపుకోవచ్చు, నాలుగు వెబ్ పేజీలు చూడొచ్చు. అంతకుమించి దేనికీ పనికిరాదు. మీటింగుల్లో వెంకట్ దాన్ని నా ముందుకు జరిపి, "మా ఆవిడకి అర్థమైందంటే దేశంలో ఆడవాళ్ళందరికీ అర్థమైనట్టే," అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఆ తెరకి ప్రోగ్రాం రాసింది నేనే అయినా.

స్వాతి పుట్టాక ఉద్యోగం మానేశాను. మానేశాను అంటాను గానీ, "పసిదాన్ని నా మీద పడేసి పోతావా అమ్మా?" అని అత్తగారు పుణ్యవతి గారు అడిగిన రోజు వెంకట్ కంచంలోంచి తలెత్తలేదు. అంతే జరిగింది. పని మాత్రం ఆగలేదు. "ఊరికే చూస్తుండు," అంటూ ఒక పెట్టె ఇంటికి తెచ్చాడు. మధ్యాహ్నం పాప పడుకోగానే దాని ముందు కూర్చునేదాన్ని. సరిగ్గా అప్పుడే అత్తగారు హాల్లో ఫోనెత్తేవారు, మా ఆడపడుచుతో మాట్లాడాలని. పెట్టెకీ ఫోనుకీ ఒకటే లైను కావడంతో అది తెగేది. అరగంట కూర్చుని రాసిన ఉత్తరం మాయమైపోయేది. "నా కొడుకింట్లో ఫోను కూడా ఎత్తకూడదా?" అనేవారు. మొదట్లో ఏడ్చాను. తర్వాత, రాసిన ప్రతి వాక్యం పెట్టెలోనే భద్రంగా ఉండేలా, లైను మళ్ళీ కలిస్తే ఆగిన చోటినుంచే ఉత్తరం కదిలేలా ప్రోగ్రాం రాశాను. వెంకట్ దాన్ని ఫ్లాపీలో పట్టుకెళ్ళాడు. పెట్టెలు అమ్ముడుపోలేదు, కంపెనీ మూతపడింది. ఆ ప్రోగ్రాం చూపించి అతను పెద్ద కంపెనీలో చేరాడు. దాని మీద నా పేరు ఎందుకు లేదని అడిగితే, "మానేసినవాళ్ళ పేరు ఎలా పెడతారు? అయినా మనిద్దరం వేరా?" అన్నాడు.

సాయంత్రం వెంకట్ వాళ్ళ ఆఫీసులో మా పెట్టెతో సహా పాత పరికరాలన్నీ బల్లల మీద పెట్టారు. కుటుంబాలనూ పిలిచారు. వెంకట్ నా పేజీయే చదివాడు. నేను 'చేశాం' అని రాసిన ప్రతిచోటా 'చేశాను' అని చదివాడు. "అప్పట్లో మా ఆవిడ కాఫీలు అందించి చాలా సపోర్ట్ చేసింది," అన్న వాక్యం ఒక్కటే నేను రాయనిది. చప్పట్లు కొట్టారు. పక్కనున్నావిడ "అదృష్టవంతులండీ మీరు," అంది.

చివర్లో మౌనిక అనే కొత్త ఇంజనీరు లేచింది. "సార్, ఫోన్ కట్టయితే రాసిన మెయిల్ పోకుండ ఎట్ల చేసిన్రు? అంత తక్కువ మెమొరీల?"

వెంకట్ నవ్వాడు. "చాలా టెక్నికల్ అమ్మా. విడిగా చెప్తాను."

టీ సమయంలో నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "త్వరగా చెప్పు. అది అప్పుడు ఎలా చేశావు?"

చేశావు. ఇన్నేళ్ళలో ఆ మాట అతని నోట రావడం ఇదే మొదటిసారి. అదీ ఎవరికీ వినపడకుండా.

"గుర్తులేదండీ," అన్నాను.

"అదేంటి, పొద్దున పేజీ నిండా రాశావుగా!"

"గుర్తులేదు."

అతను విసుక్కుంటూ వెళ్ళిపోయాడు. మౌనిక ఇంకా ఆ పెట్టె దగ్గరే వంగి చూస్తోంది. నన్ను చూసి, "ఆంటీ, సార్ ఎటు పోయిన్రు?" అంది.

"నువ్వడిగింది నేను చెప్తాను," అని మొదలుపెట్టాను. అత్తగారి ఫోను దగ్గరనుంచి చెప్పాను. ప్రోగ్రాం లోపలికి వెళ్ళేసరికి నా గొంతు కుదురుకుంది. మౌనిక వింటూ వింటూ మధ్యలో నన్ను ఆపింది.

"అంటే గిది రాసింది మీరా?"

"నేనే."

ఆమె రెండు కుర్చీలు లాగింది. "జర మళ్ళ మొదటి నుంచి చెప్పుర్రి మేడమ్. రాసుకుంట."

నేను పెట్టె మూత ఊడదీస్తుంటే వెనకనుంచి వెంకట్ గొంతు వినపడింది. "వాసంతీ, కారు తీస్తున్నా, పద. అమ్మ భోజనానికి చూస్తుంటుంది."

నేను తల తిప్పలేదు.

"కూర ఫ్రిజ్‌లో ఉంది, వెచ్చబెట్టి వడ్డించండి. నాకిక్కడ పనుంది."