హ్వా ఆంటీ వేసవి పథ్యం

సుగుణకు ఖాళీ గిన్నె తిరిగివ్వడం చేతకాదు. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి. ఎవరింటి గిన్నె మనింటికొచ్చినా అడుగునైనా ఏదో ఒకటి వేసి పంపాలని, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వెయ్యాలని వాళ్ళమ్మ నేర్పింది. పెర్త్‌కొచ్చి, కానింగ్ వేల్‌లో ఇల్లు కట్టుకుని, ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినా ఆ అలవాటు పోలేదు. పోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనుకుంటోంది గానీ, అనుకుని ఏం లాభం?

పక్కింట్లో హ్వా ఆంటీ ఉండేది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఊరు చైనాలో గ్వాంగ్‌జౌ. తండ్రి అక్కడ మూలికల వైద్యం చేసేవాడట. భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే. ఒక్కగానొక్క కూతురు ఐరీన్‌కి ఎక్కడో ఉత్తరాన, విమానమెక్కి వెళ్ళాల్సిన డార్విన్‌లో గవర్నమెంటు ఉద్యోగం. పన్నెండేళ్ళు పక్కపక్కన ఉన్నా సుగుణకూ ఆవిడకూ మధ్య నడిచిందల్లా చెయ్యూపుకోవడం, రేపు చెత్తబండికి ఎర్ర మూత బిన్ పెట్టాలా పసుపు మూత బిన్ పెట్టాలా అని అడగడం, అంతే.

కిందటి నవంబరులో ఒక ఉదయం సుగుణ ముందు తోటలో నిలబడి ఐసు నీళ్ళ సీసా గటగటా ఎత్తేస్తోంది. ఇరవై రెండేళ్ళు మందుల షాపులో ఫార్మసిస్టుగా నిలబడి పనిచేసి, జులైలోనే రిటైరైంది. నిలబడినన్నాళ్ళు బాగానే ఉంది. కూర్చున్నాకే నిద్ర పట్టక, గుండె దడదడలాడుతూ, అరికాళ్ళు మండుతూ నానా అవస్థా మొదలైంది. రిపోర్టులన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఏమీ లేదంటారు డాక్టర్లు, ఏదో ఉందంటుంది ఒళ్ళు.

"వద్దు వద్దు! పొట్ట జడుసుకుంటుంది," అని ఫెన్సు అవతలినుంచి కేక. హ్వా ఆంటీ తలకు వెడల్పాటి టోపీ, చేతిలో కాకరకాయ.

అలా మొదలైంది. ఆవిడ తన వంటింట్లోకి తీసుకెళ్ళి గోడ మీది కేలెండరు చూపించింది. చైనా లెక్కలో వేసవి మొదలయ్యేది మేలో. మే అంటే పెర్త్‌లో స్వెట్టర్లు వెతుక్కునే కాలం. అందుకని హ్వా ఆంటీ పెన్సిలు తీసుకుని అన్నిటినీ ఆర్నెల్లు జరిపి రాసుకుంది. "కేలెండరు అచ్చేసినవాడికి మన ఎండ సంగతి ఏం తెలుసు?" అంది. ఆవిడది అంతంతమాత్రపు ఇంగ్లీషు, సుగుణది తెనాలి యాస ఇంగ్లీషు, అయినా ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమయ్యేది.

వేసవి మొదట్లో కాపాడుకోవాల్సింది గుండెనట. పొద్దెక్కకముందే లేచి, ఒళ్ళు కాస్త చెమర్చేదాకా మాత్రమే నడవాలి, కారిపోయేదాకా కాదు. మధ్యాహ్నం కర్టెన్లు మూసి ఒక కునుకు తియ్యాలి. నీళ్ళు గోరువెచ్చగా తాగాలి. పొట్టు పెసలు ఉడికించిన నీళ్ళు, కాకరకాయ, తామర గింజలు, తేలికైన గంజన్నం తినాలి. నూనె, ఉప్పు బాగా తగ్గించాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యం కోపం తెచ్చుకోకూడదు, ఈ నెలల్లో కోపం నేరుగా గుండెకే వెళ్తుందట.

సుగుణకు ఇందులో సగం కొత్తగా అనిపించలేదు. ఇది వేడి, అది చలువ అంటూ తెనాలిలో వాళ్ళమ్మ పాడిన పాటే ఇది. కాకపోతే అమ్మ చెబితే వినలేదు, పరాయి ఆవిడ చెబితే విన్నది. మనుషుల తీరే అంత.

"ఇరవై రెండేళ్ళు టాబ్లెట్లు అమ్మి, ఇప్పుడు పెసర కషాయానికి కన్వర్టయ్యావా?" అని మొగుడు జనార్దనరావు వేళాకోళం చేశాడు. ఆయన గనుల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, దేన్నీ ఊరికే నమ్మడు. కానీ మూడు వారాలు తిరిగేసరికి సుగుణకు నిద్ర పట్టసాగింది. దడ తగ్గింది. పొద్దున ఆరింటికి హ్వా ఆంటీతో కలిసి పార్కు చుట్టూ నడిచొస్తుంటే మొహంలో కళ వచ్చిందని ఆయనే ఒప్పుకున్నాడు.

రోజూ పదింటికి పెసర నీళ్ళు ఒక స్టీలు ఫ్లాస్కులో ఫెన్సు మీదుగా వచ్చేవి. మరి ఫ్లాస్కు ఖాళీగా వెళ్ళాలా? వెళ్ళనిస్తుందా సుగుణ?

మొదటిరోజు రెండు అరటిపళ్ళు పెట్టి ఇచ్చింది. అక్కడ ఆగినా బాగుండేది. రెండోరోజు పులిహోర వెళ్ళింది. మూడోరోజు చిన్న డబ్బాలో మాగాయ వెళ్ళింది.

సుగుణ మాగాయ సంగతి చెప్పాలి. పిల్లలు చిన్నప్పుడు గంతులేసి వదిలేసిన ట్రాంపొలీను పెరట్లో ఉంది. దానిమీద పాత చీర పరిచి, ఆ ఎండలో ముక్కలు ఎండబెడితే తెనాలి మాగాయకు ఏమాత్రం తీసిపోదు. ఊరమిరపకాయలూ, గుమ్మడి వడియాలూ అన్నీ దానిమీదే. కానీ తినేవాళ్ళేరీ? జనార్దనరావుకు బీపీ. కొడుకు భార్గవ్ వస్తే "టూ సాల్టీ, అమ్మా" అని పక్కకు జరుపుతాడు. ఏళ్ళుగా జాడీలు నిండుతున్నాయి, మెచ్చుకునే నోరు మాత్రం లేదు. నాలుగోరోజు హ్వా ఆంటీ ఫెన్సు దగ్గరకొచ్చి, చిన్నపిల్లలా సిగ్గుపడుతూ, "ఆ మామిడిది... గంజన్నంలోకి చాలా బాగుంది. మా అమ్మ కూడా గంజిలోకి ఇలాగే ఉప్పుది ఏదో ఒకటి పెట్టేది," అంది.

ఆ మాటకు సుగుణ పొంగిపోయింది. ఈసారి డబ్బా కాదు, జాడీయే ఇచ్చేసింది. దాని వెనకాల ఊరమిరపకాయలు, చింతకాయ పచ్చడి, అప్పడాలు. ఆవిడ ఏనాడూ వద్దనలేదు. పెట్టింది పారెయ్యడం ఆవిడ పెంపకంలో లేదు, పెట్టకపోవడం ఈవిడ పెంపకంలో లేదు. పథ్యం నేర్పిన మనిషి పథ్యం ఫ్లాస్కు ఫ్లాస్కుకీ చెడుతూ వచ్చింది.

తెలియక చేసిందా అంటే, అదీ కాదు. డిసెంబరు మొదటి వారంలో సుగుణ హ్వా ఆంటీ వంటింట్లో బల్లమీద మాత్రల పెట్టె చూసింది. అందులో ఒంట్లో నీరు దిగడానికిచ్చే మాత్ర ఉంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఇచ్చే మాత్ర. దాన్ని సుగుణ తన చేత్తో కొన్ని వేలమందికి ఇచ్చి ఉంటుంది. ఇచ్చిన ప్రతిసారీ "ఉప్పు జాగ్రత్తండీ, పచ్చళ్ళ జోలికి పోకండి" అని చెప్పే ఉంటుంది. ఆ రోజు గుండె కలుక్కుమంది కూడా. రేపట్నుంచి పళ్ళే ఇద్దామనుకుంది. కానీ ఆవిడ ఖాళీ జాడీ కడిగి తుడిచి చేతికిచ్చి, ఏమీ అడగకుండా నవ్వుతూ నిలబడింది. ఒక్క జాడీకి ఏమవుతుందిలే అనుకుంది సుగుణ. మెచ్చుకునే నోరు ఒక్కటే దొరికింది, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. నిజం అది.

ఆవిడ చెప్పినట్టు తిని ఈవిడ బాగుపడింది. ఈవిడ పెట్టింది తిని ఆవిడ పాడైంది. డిసెంబరు పద్దెనిమిదిన ఆరింటికి హ్వా ఆంటీ నడకకు రాలేదు.

"ఏవండీ, ఆంటీ ఇవాళ వాక్‌కి రాలేదు. ఫోనెత్తట్లేదు," అంటూ సుగుణ చెప్పుల్లేకుండానే పరుగెత్తింది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరాడటం లేదట. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంటలు పడుతున్నాయి. జనార్దనరావు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. మర్నాటికి ఐరీన్ డార్విన్ నుంచి దిగింది.

ఆస్పత్రిలో మంచం దగ్గర ఐరీనూ సుగుణా ఉన్నారు. కుర్ర డాక్టరు కాగితాలు చూస్తూ అడిగాడు. "ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఇన్నాళ్ళూ బాగానే ఉన్నారు కదా. ఈమధ్య తిండి మారిందా? ఉప్పు ఎక్కువైందా?"

"మా అమ్మా?" అంది ఐరీన్, ఏడుపులోంచి నవ్వు తెచ్చుకుని. "అమ్మ తినేది పెసలూ కాకరకాయా డాక్టర్. ఉప్పు ముట్టుకోదు. ఆ నియమాలు చూస్తే మాకే భయం."

హ్వా ఆంటీ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. తల కొంచెం తిప్పి సుగుణ వైపు చూసింది. కోపంగా కాదు, ఊరికే చూసింది.

సుగుణ నోరు తెరవబోయింది. మాగాయ అంటే ఏమిటో చెప్పాలి, ఎంత ఇచ్చిందో చెప్పాలి, ఆపైన తను ఫార్మసిస్టునని ఐరీన్‌కి తెలుసు. మాత్ర చూసి కూడా ఎలా ఇచ్చారాంటీ అని అడిగితే? సుగుణ చూపు నేలకు దించుకుంది. నేల బాగా తళతళలాడుతోంది. ఆ తళతళ ఇప్పటికీ కళ్ళలో ఉంది.

"అంత కట్టుదిట్టంగా ఉండి కూడా ఇలా అయిందంటే గుండె మనం అనుకున్నదానికన్నా బలహీనపడి ఉండాలి," అన్నాడు డాక్టరు. "ఇక ఒంటరిగా ఉండటం మంచిది కాదు."

బయట కాచుకున్న జనార్దనరావు, సుగుణ కారెక్కి డాక్టరన్నదంతా చెప్పాక కూడా, స్టీరింగు మీద చేతులుంచి బండి స్టార్ట్ చెయ్యలేదు.

"పచ్చళ్ళ సంగతి చెప్పావా?"

"ఐరీన్ ఏడుస్తోందండీ. ఆ టైములో ఎలా చెప్తాను? రేపు చెప్తాలే."

"రేపంటే రేపే సుగుణా. ఆవిడ ఒంటరిగా ఉండొచ్చో లేదో దాన్ని బట్టే వాళ్ళు డిసైడ్ చేస్తారు."

రేపు వెళ్ళింది. వరండాలో ఐరీన్ ఎవరితోనో ఫోనులో ఉంది. ఎల్లుండి వెళ్ళింది. ఐరీన్ ఎదురొచ్చి కావలించుకుని, "మీరు లేకపోతే అమ్మ ఆరోజే పోయేది ఆంటీ," అంది. అలా పొగిడాక నోరు పెగుల్తుందా? క్రిస్మస్ అయ్యింది. కొత్త సంవత్సరం వచ్చింది. ప్రతిరోజూ చెప్పడానికే వెళ్ళింది, ప్రతిరోజూ పళ్ళు ఇచ్చి వచ్చేసింది. ఒక మధ్యాహ్నం మిగిలిన పచ్చళ్ళన్నీ తీసుకెళ్ళి ఎర్ర మూత బిన్‌లో కుమ్మరించింది, అక్కడికి ఏదో తీరినట్టు. జనార్దనరావు చూసి కూడా ఏమీ అనలేదు. ఆయన ఏదైనా అంటే బాగుండునని సుగుణకు అనిపించింది.

జనవరి రెండో వారంలో హ్వా ఆంటీని కూతురు డార్విన్ తీసుకెళ్ళింది. బయల్దేరేముందు ఆవిడ కాకరపాదు దగ్గర చాలాసేపు నిలబడింది. సుగుణ చెయ్యి పట్టుకుని, "మధ్యాహ్నం కునుకు మానకు," అని మాత్రం అంది. ఇంటిముందు అమ్మకానికి బోర్డు పాతారు. సుగుణ బిన్ పెట్టడానికి వెళ్ళినా అటు చూడకుండా వచ్చేది. నిద్ర మళ్ళీ దూరమైంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఇక ఉండబట్టలేక ఫోన్ చేసింది. హ్వా ఆంటీ గొంతు ఖణీమని పలికింది.

"ఇక్కడ నా కేలెండరు పనిచెయ్యటం లేదు," అంది. "వేసవి మొదలూ లేదు, చివరా లేదు. వాన ఉన్న నెలలు, వాన లేని నెలలు, అంతే. పెన్సిలు పక్కన పడేశాను."

"ఒంట్లో ఎలా ఉంది ఆంటీ?"

"బాగుంది. ఇక్కడి డాక్టరు గుండె అంత చెడ్డగా ఏమీ లేదన్నాడు. పార్కు లేదు, పాదు లేదు, మాట్లాడే మనిషి లేదు. గుండె మాత్రం బాగుంది."

సుగుణ కళ్ళు గట్టిగా మూసుకుని మొత్తం చెప్పేసింది. మాత్ర చూసిన సంగతి, చూసి కూడా జాడీ నింపిన సంగతి, ఆస్పత్రిలో నోరు మూసుకున్న సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

"నాకు తెలుసు," అంది హ్వా ఆంటీ.

"తెలుసా?"

"నా నోటితో నేనే తిన్నాను. ఉప్పని నాకు తెలీదా? రుచిగా ఉంది, తిన్నాను. అందులో నీ తప్పెంతో నాదీ అంతే."

"మరి డాక్టరడిగితే చెప్పలేదేం ఆంటీ?"

అవతల వాన చప్పుడు వినబడింది.

"నువ్వు పెట్టిన తిండిమీద నీ ఎదుటే నేరం ఎలా చెప్పను? నువ్వే చెప్తావని చూశాను. నువ్వు చెబితే, అవును, నేనే అడిగి తిన్నాను, మానేస్తాను, నా ఇంట్లో నన్నుండనివ్వండి అని చెప్దామని. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ చూశాను."

సుగుణ లేచి నిలబడింది. "ఇప్పుడు చెప్తాను. ఐరీన్‌కి ఫోనివ్వండి. బోర్డు తీయించేద్దాం, మీరు వెనక్కొచ్చెయ్యండి. ఉప్పు కల్లు కూడా మీ గడప తొక్కనివ్వను."

"బుధవారం సంతకాలైపోయాయి. ఇల్లు ఎవరో కొనేశారు," అంది హ్వా ఆంటీ. తర్వాత గొంతు తగ్గించింది. "విను. ఐరీన్‌కి ఎప్పుడూ చెప్పకు. నన్ను బతికించానని అనుకుంటోంది. ఊరికే ఇల్లమ్మించానని తెలిస్తే దానికి మనశ్శాంతి ఉండదు. అప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు చెప్పకూడదు."

సుగుణ జవాబిచ్చేలోపే ఫోను చేతులు మారింది. ఐరీన్ హుషారుగా పలకరించింది. "ఆంటీ! అమ్మ ఎంత బాగైందో విన్నారుగా? ఒక్కోసారి ఇల్లు తలచుకుని దిగులు పడుతుంటే తప్పు చేశానా అనిపిస్తుంది. ఆ రోజు డాక్టరు చెప్పింది మీరూ విన్నారు కదా. మీరు చెప్పండి, నేను చేసింది కరెక్టేనా?"

సుగుణ పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కరెక్టేనమ్మా," అంది. "మంచి పని చేశావు."