ముందు కొలిమి, తర్వాత ఆట

"ఈ మధ్యాహ్నం మైదానంలో ఒక్క బంతి ఎగిరిందా, మంగళవారం నీకు ఒక్క ఓటు పడదు, లాడాల మేయరూ!" అన్నాడు గ్రిమ్స్, చర్చి మెట్ల మీద అందరికీ వినపడేలా.

ఊళ్ళోని ఉక్కు కొలిమి గ్రిమ్స్‌దే. కార్మికులు ఆదివారం బేస్‌బాల్ ఆడితే ప్రభువు దినానికి అవమానమనీ, చట్టప్రకారం ఆపి తీరాలనీ ఆయన పట్టు. మంగళవారం ఎన్నిక. మేయరు ఎజ్రా హోల్‌కోమ్ ఒకప్పుడు గుర్రాలకు లాడాలు కొట్టినవాడు. ఆ చర్చిలోనే బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆదివారమంటే ఆయనకూ భక్తే. కానీ వారమంతా మంట దగ్గర మాడినవాడు ఒక్క పూట కేరింతలు కొడితే దేవుడికి నిజంగా కోపం వస్తుందా?

"చట్టమేగా? అమలు చేస్తా," అన్నాడు ఎజ్రా.

"అలా రా దారికి!"

"ఆ చట్టం ఆదివారం ఆటనే కాదు, పనినీ వద్దంటుంది. పోలీసుల్ని పిలిపిస్తా. ముందు ఇవాళ కూడా మండుతున్న నీ కొలిమి ఆర్పిద్దాం, దారిలోనే ఉందిగా. తర్వాత మైదానానికి పోదాం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గ్రిమ్స్ మొహం కందిపోయింది. "కొలిమి ఆరితే లోపల ఇనుమంతా గడ్డకడుతుందయ్యా!"

"నిప్పు సంగతి నాకా చెప్తావు? నీ కొలిమి ఆగకపోతే తప్పులేదు, మనిషి కాసేపు ఆడుకుంటే తప్పా? పాస్టరు గారూ, మీరే చెప్పండి."

పాస్టరు గారు టోపీ అంచు నిమురుకున్నారు. చర్చికి ఎక్కువ కానుకలిచ్చేది గ్రిమ్సే.

"రెండూ తప్పే, ఎజ్రా," అన్నారు చివరికి. "కానీ ముందు ఆగాల్సింది కొలిమే."

గ్రిమ్స్ గబగబా బండెక్కాడు. పోలీసుల్ని పిలిపించమని మాత్రం అనలేదు.

మైదానం వైపు నడుస్తుంటే భార్య లూయెల్లా అడిగింది: "ఏమండీ, ఆయన నిజంగానే కొలిమి ఆపేసుంటే?"

"ఆట కూడా ఆపించేవాణ్ణి. శనివారం ఒక పూట సెలవిప్పించి, అప్పుడు ఆడుకోమనేవాణ్ణి."

"మరి ఓట్లు?"

"అది మంగళవారం సంగతి."

మేయరును చూడగానే ఆటగాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బంతి విసరబోయినవాడు చెయ్యి దించేశాడు. ఎజ్రా టోపీ తీసి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఇది తప్పయితే నా లెక్కలో వేసుకో ప్రభువా, వీళ్ళ లెక్కలో వద్దు.

"చూస్తారేంట్రా, ఆడండి!" అంటూ బల్ల మీద లూయెల్లాకు చోటు చూపించాడు.