ఎండలో చూడని సరుకు

నారాయణపేటలో దామోదర్ చీరల దుకాణానికి ఒక కట్టుబాటు ఉంది. ట్యూబులైటు కింద నచ్చిన చీరను కొనేవాళ్లు గడప దగ్గరికి పట్టుకెళ్లి ఎండలో చూసుకోవాలి. లోపల మెరూన్ అనిపించింది బయట ఇటుక రంగు కావచ్చు. చూసుకోకుండా పోయి మర్నాడు తిరిగొస్తే దామోదర్ ఒకటే మాట అంటాడు: గడప దాటిన చీర నాది కాదు. ఇరవై రెండేళ్లలో ఈ మాట ఎంతమందికి కోపం తెప్పించినా అతనికి మాత్రం నష్టం తేలేదు.

అలాంటి మనిషి ఒక బొమ్మ హెలికాప్టరు దగ్గర దెబ్బతిన్నాడు.

కూతురు వర్షిత బడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాల కట్టులో నాలుగు గడిచాయి. పదకొండేళ్ల పిల్లకు ఒక్కచోట కూర్చోవడాన్ని మించిన శిక్ష లేదు. పెరటి వైపు వసారాలో మంచం మీద కూర్చుని, జామచెట్టు మీదికి పిట్టలు వచ్చిపోవడం చూసి చూసి, చివరికి మాట్లాడటమే తగ్గించేసింది. తల్లి సుహాసిని బతిమాలితే ఒక్కటే అడిగింది. కూర్చున్న చోటి నుంచే రిమోటుతో ఎగరేసే చిన్న హెలికాప్టరు కావాలి.

"పెరట్ల ఎగరాలె బాపు. జామచెట్టు దాటాలె," అంది.

"సరుకు తెచ్చుడు నాకు చెప్తవా?" అన్నాడు దామోదర్. ఫోనులో తెప్పిద్దామని సుహాసిని అంటే, చేత్తో పట్టి చూడని వస్తువు తన ఇంటికి రాదన్నాడు.

మహబూబ్‌నగర్‌లో బొమ్మల దుకాణం సతీశ్ రెండు పెట్టెలు దించాడు. ఒకటి ఎర్రగా, నున్నగా, అరచేతంత ఉంది. రెండోది కాస్త పెద్దది, బూడిద రంగుది. రిమోటుకు పొడుగాటి కడ్డీ, ధర రెట్టింపు. దామోదర్ చీర అంచు పరీక్షించినట్టే రెక్కల అతుకులు గోటితో గీకాడు, తోక వంచాడు, అరచేతిలో తూచి చూశాడు. సతీశ్ ఫ్యాను ఆపి ఎర్రదాన్ని లేపితే అది దుకాణం నడుమ గాలిలో మేకు కొట్టినట్టు నిలబడింది.

"బయట ఎగరేసేదైతే గీ పెద్దది తీస్కో సేటు," అన్నాడు సతీశ్.

దామోదర్ లోలోపల నవ్వుకున్నాడు. కొనేవాళ్ల చేతిలో తక్కువ రకం చీర ఉండగా, పెళ్లికైతే ఇది బాగుంటుందని రెట్టింపు ధరది ముందు పరిచే విద్య అతనికి కొత్త కాదు. తన విద్యను తనకే అమ్ముతున్నాడనుకుని ఎర్రదాన్నే కట్టించుకున్నాడు.

ఆదివారం పదకొండింటికి పెరట్లో పెట్టె విప్పారు. రెక్కలు తిరిగాయి. జానెడు లేచి పక్కకు ఒరిగి పడింది. మళ్లీ లేపితే మళ్లీ పడింది. బ్యాటరీ తప్పనుకుని గంటసేపు ఛార్జింగు పెట్టాడు. గాలి తప్పనుకుని గోడవారకు మార్చాడు. విసుగెత్తి ఇంట్లోకి తీసుకెళ్తే బియ్యం బస్తాల మీద హాయిగా తిరిగింది. బయటికి తెస్తే మట్టిలో పొర్లింది. ఏడోసారి పడ్డాక వర్షిత రిమోటు మంచం మీద పెట్టేసింది.

"కొనేటప్పుడు ఎండల చూసినవా బాపు?"

దామోదర్ హెలికాప్టరుకు అంటిన మట్టిని చొక్కా అంచుతో తుడిచాడు. సుహాసిని నవ్వు దాచుకుంటూ లోపలికి వెళ్లింది. అది అతన్ని ఇంకా మండించింది.

మర్నాడు సతీశ్‌తో గంటసేపు వాదించాడు. ఎర్రదాని రిమోటు నుంచి వెళ్లేది కంటికి కనబడని వెలుగనీ, ఎండలో అది హెలికాప్టరుకు అందదనీ, పెద్దది రేడియోతో నడిచేది కాబట్టి దానికి ఎండ అడ్డు కాదనీ సతీశ్ ఓపికగా చెప్పాడు. వాపసు మాత్రం తీసుకోనన్నాడు. సరే, పెద్దదే ఇవ్వమని దామోదర్ దిగివచ్చాడు. అది నిన్ననే అమ్ముడుపోయింది. మళ్లీ సరుకు రావడానికి ఇరవై రోజులు పడుతుంది. వర్షిత కట్టు ఇంకో పన్నెండు రోజుల్లో విప్పుతారు.

బస్సులో ఇంటికొస్తూ లెక్క వేసుకున్నాడు. ఎండే అడ్డమైతే ఎండనే ఆపాలి. మంగళవారం పొద్దున్నే వెళ్లి, చీరల రంగు వెలిసిపోకుండా దుకాణం ముందు కట్టే నల్ల పరదా విప్పుకొచ్చాడు. జామచెట్టు నుంచి గోడ దాకా దాన్ని లాగి కట్టేసరికి చొక్కా తడిసిపోయింది. ఆ నీడలో ఎర్రది చక్కగా లేచింది. లేచి పరదాకు గుద్దుకుని కింద పడింది.

వర్షిత పైకి చూసింది.

"పెరడడిగితే ఇంకో ఇల్లు గట్టినవ్."

పరదా విప్పి పారేస్తానని దామోదర్ స్టూలు ఎక్కాడు. ఆమె ఉండనీమంది. ఈసారి హెలికాప్టరును పైకి లేపకుండా పక్కకు ఉరికించింది. అది నీడ అంచు దాటి, ఎండలో తన ఊపుతోనే రెండు గజాలు పోయి, బావికి ఇవతల బంతిపూల మడిలో పడింది.

"తే బాపు. ఈసారి బాయికాడిదాంక పోవాలె."

దామోదర్ చెప్పుల్లేకుండానే కాలే మట్టిలోకి దిగాడు. దుకాణం తెరిచే వేళ దాటిపోయింది. పరదా లేని అద్దాల వెనక చీరల మీద ఎండ పడుతూ ఉంటుంది. హెలికాప్టరు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. అది మళ్లీ ఉరికి, పోయినసారి కంటే మూరెడు ముందు పడింది.

"ఇంకోపారి," అంది వర్షిత.