బలి కోరిందెవరు

మంజులను మట్టి మింగడం మేమందరం చూశాం. నగరం బయట, హిమాయత్‌నగర్ పల్లె దాటాక ఒక ఫామ్‌హౌస్ గోడకోసం తవ్వుతున్న లోతైన గుంట అది. ముసురు పట్టి ఉంది. పొద్దున్నే గుంట అంచు నెర్రె విచ్చింది. "మట్టి జారకుండ చెక్కలు కొట్టియ్యి పటేలా, కూలేటట్టున్నది" అన్నాం. కాంట్రాక్టర్ జ్ఞానేశ్వర్ వినలేదు. "దిగుండ్రి, నాటకాలు పడకుండ్రి" అన్నాడు. మంజుల ముందు దిగింది.

మంజుల దినాలు కాకముందే అతను బలికి యాటపోతును తెచ్చి గుంట ఒడ్డున కట్టేశాడు. "తవ్వేముందు మైసమ్మకు చెయ్యలే. అందుకే బలి తీసుకున్నది. ఇది తెగంగనే పనిల దిగాలె." చెక్కల ఊసు లేదు, గమనించండి.

మాలో సగం మంది నమ్మారు. కోడినైనా కొయ్యకుండా గడ్డపార ఎందుకు పట్టామని ఒకరినొకరు తిట్టుకున్నారు కూడా. జ్ఞానేశ్వర్‌కు కావలసిందీ అదే.

డప్పు మోగింది. మాతోపాటు తట్ట మోసే సాలమ్మ శివసత్తి కూడా. ఆమెకు పూనకం వచ్చింది. పసుపు ముఖంతో, వేపకొమ్మలతో ఊగుతుంటే అందరూ చేతులు జోడించారు.

"తల్లీ, యాటను తీస్కో. శాంతించు" అన్నాడు జ్ఞానేశ్వర్.

మంజుల తల్లి ముత్తమ్మ గుంపును తోసుకుని ముందుకొచ్చింది.

"ఏటేటా బోనమెత్తిన. ఒక్కపొద్దులున్న. నా బిడ్డనే ఎందుకడిగినవ్ తల్లీ?"

డప్పు ఆగింది.

"నేను అడగలే బిడ్డా" అంది సాలమ్మ.

"అడగకుంటే ఎందుకు ఆపలే? నీ కండ్ల ముంగటనే కదా కూలింది!"

సాలమ్మ ముత్తమ్మ పక్కన కూలబడి ఏడ్చింది. ఏడ్చింది మైసమ్మో, సాలమ్మో మాకు తెలియదు. సంఘం మీటింగుల్లో దేవుడు లేడని గట్టిగా మాట్లాడేవాణ్ణి నేను. ముత్తమ్మ ముందు ఆ మాటలేవీ పనికిరాలేదు.

"అమ్మ లేదు, ఏం లేదు. అన్నీ పని ఎగ్గొట్టే ఏషాలు!" అరిచాడు జ్ఞానేశ్వర్. "దిగుతరా, పోలీసులను పిలవాల్నా?"

మా బాల్‌రాజ్ గడ్డపార కింద పారేశాడు. "చెక్కలు కొట్టేదాక దిగం." అందరి పారలూ, తట్టలూ కింద పడ్డాయి.

పోలీసులు వచ్చి బాల్‌రాజ్‌ను చొక్కా పట్టుకుని జీపెక్కించారు. ముత్తమ్మ జీపుకు అడ్డంగా నిలబడింది.

"దేవుని మీద కోపం మా మీద తీస్తవా అవ్వా?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"మైసమ్మతోని నా పంచాయితి ఒడువలే. సచ్చేదాక అడుగుత. అది నాకూ ఆమెకూ. గుంట ఒడ్డు పగిలిందని చెప్పంగ చెప్పంగ నా బిడ్డను దింపింది నువ్వు. ఎందుకు దింపినవో చెప్పు."

జ్ఞానేశ్వర్ పోలీసుల వైపు చూశాడు.

"చెప్పు" అంది సాలమ్మ. ఆమె ముఖం మీద పసుపు కారుతోంది.

"చెప్పు" అంటూ మేమందరం జీపు ముందు బురదలోనే కూర్చున్నాం. యాటను ఎవరో విప్పేశారు. జీపులోంచి బాల్‌రాజ్ గొంతు కూడా వినబడింది.

"చెప్పు!"